మూడో పిస్టన్ మీద మెరుపు మచ్చ

కిందటి వారం కథ షెడ్డు గుమ్మం దగ్గర ఆగింది. పందేల్లో అక్క నడిపే ఎర్రకారు ఇంజన్ను బావ తన చేతులతో కొత్తగా కట్టాడు. మొదటిసారి నిమిషానికి ఏడు వేల చుట్ల దాకా లాగగానే లోపల ఇనుముకు ఇనుము తగిలిన చప్పుడైంది. అక్క ఆ క్షణమే కాలు తీసేసి, ఇంజన్ ఆపి, కారును ఊరికే దొర్లించుకుంటూ వచ్చేసింది. ఆ తరువాత మూడు రోజులు బావ ఇంజన్ విప్పి, కొలిచిందే కొలిచాడు. తప్పు దొరకలేదు. విసుగెత్తి నలుగురి ముందూ నోరు జారాడు. బ్లాకులో సిలిండర్లు తొలిచిన బోరింగులోనే వంకర ఉందనీ, ఆ పని చేసిన మాస్టారి చేతికి మునుపటి పస లేదనీ అనేశాడు. ఆ మాట నాలుగు వీధుల అవతల ఉన్న లేత్ షాపుకు చేరడానికి ఒక పూట పట్టలేదు. మర్నాడు పొద్దున, ఐదేళ్ళుగా ఆ గడప తొక్కని మాస్టారు చంకలో చెక్కపెట్టె పెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

బావ ‘రండి’ అనలేదు. ‘ఎందుకొచ్చారు’ అని కూడా అనలేదు. చేతిలోని నూనెగుడ్డను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు, అంతే.

కుర్చీ వేసింది చిన్ని. ముప్ఫై రెండేళ్ళొచ్చినా ఇంట్లో ఆమె అందరికీ చిన్నే. అక్కకు ఒక్కగానొక్క చెల్లెలు. రెండు వీధుల అవతల ఒక ల్యాబులో కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. ఆ రోజు సెలవు. అక్క పొద్దున్నే బయటికి పోతూ, బావకు మూడు రోజులుగా తిండీ నిద్రా సరిగ్గా లేవు, కాసేపు దగ్గర కూర్చోవే అని పురమాయించి వెళ్ళింది. అందుకని వచ్చిందే గానీ, గురుశిష్యుల మధ్య ఇరుక్కుంటానని ఆమె అనుకోలేదు.

మాస్టారు కుర్చీలో కూర్చోలేదు. దాని మీద పెట్టె పెట్టాడు. బావ ఆయన దగ్గర ఎనిమిదేళ్ళు పని నేర్చుకున్నాడు. సొంత షెడ్డు పెట్టుకుంటానన్నప్పుడు ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఆ తరువాత బ్లాకులు మాత్రం ఆటోలో అటూ ఇటూ తిరిగేవి. మనుషులు తిరగలేదు.

“బోరులో వంకర ఉందన్నావట” అన్నాడు మాస్టారు. కోపంగా కాదు. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు అడిగాడు.

“అన్నాను” అన్నాడు బావ.

“సరే. వంకరుంటే ఈ బ్లాకు నేనే సమ్మెట పెట్టి పగలగొడతాను. ముందు చూడనీ.”

పెట్టె తెరిచాడు. లోపల నీలం మఖమలు గుడ్డ మీద కొలత పరికరాలు పసిపిల్లలు పడుకున్నట్టు వరసగా పడుకుని ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. మూత తెరిచి పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కొచ్చి, పావుగంట ఊరికే నిలబడ్డాడు. ఏం చేస్తున్నాడో చిన్నికి అర్థం కాలేదు. ఉండబట్టలేక అడిగేసింది. ఇవి బయటి ఎండ నుంచి వచ్చాయి, బ్లాకు నీడలో ఉంది, ఇద్దరి ఒంటివేడీ ఒకటయ్యేదాకా ఆగాలి అని చెప్పాడాయన. ఆమె మొహంలో నమ్మకం కనపడలేదేమో, వేలెడు పొడవున్న ఉక్కుబిళ్ళ తీసి గేజి కింద పెట్టి ముల్లును సున్నాకు తెచ్చాడు. తరువాత ఆ బిళ్ళ ఆమె చేతికిచ్చి గుప్పిట మూయమన్నాడు. ఒక నిమిషం ఆగి, తీసి మళ్ళీ గేజి కింద పెట్టాడు.

ముల్లు సున్నా దగ్గర ఆగలేదు. అర గీత అవతలికి జరిగి నిలబడింది.

“నీ చేతివేడికి పెరిగింది తల్లీ” అన్నాడు.

చిన్ని తన అరచేతిని చూసుకుంది. మైనంతో, ప్లాస్టర్‌తో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. గోటి అంచంత తేడాను కూడా పట్టుకోగలనని ఆమెకు లోలోపల కాస్త గర్వం ఉండేది. ఉక్కు అనేది ఎప్పటికీ ఉన్నచోట ఉన్నట్టే ఉండే వస్తువనుకుంది. ఇన్నాళ్ళూ అది తన గుప్పిట్లో ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతూనే ఉందన్నమాట.

ఆ తరువాత గంటంబావు సేపు కొలతలే నడిచాయి. మాస్టారు ఒక్కో సిలిండర్‌లో పైన, మధ్యన, కింద, అడ్డంగా, నిలువుగా కొలిచాడు. గేజిని లోపలికి దించి, మణికట్టును అటొక పిసరు, ఇటొక పిసరు ఊపేవాడు. ముల్లు వెనక్కి తిరిగే చోటు కోసం ఊపిరి బిగబట్టేవాడు. డెబ్భై దాటిన ఆ చేతులు, పెట్టె మోసుకొచ్చినప్పుడు కాస్త వణికిన ఆ చేతులే, గేజి పట్టుకోగానే రాయిలా నిలిచిపోవడం చిన్ని కళ్ళారా చూసింది. ఆయన అంకె చెప్పేవాడు. ఆమె గోడ దగ్గరకు వెళ్ళి, బావ మూడు రోజుల కిందట సుద్దతో రాసిన అంకె పక్కన అది రాసేది. చివరికి గోడ మీద రెండు వరసలు తయారయ్యాయి. ఒక్క అంకెకూ తేడా లేదు. బోరు బాణంలా ఉంది. పిస్టన్లను పైకీ కిందికీ ఆడించే క్రాంకు సరిగ్గా ఉంది. బేరింగుల్లో నూనెకు ఎంత సందు కావాలో అంతే ఉంది.

బావ రెండు వరసల్నీ మార్చి మార్చి చూశాడు. గురువు కొలత తప్పలేదు. నిజానికి శిష్యుడి కొలతా తప్పలేదు.

“అన్నీ బాగుంటే ఆ చప్పుడెక్కడిది మాస్టారూ?” అన్నాడు. ఐదేళ్ళ తరువాత ఆ పిలుపు బావ నోట రావడం అదే మొదలు. గొంతులో ఎకసెక్కం లేదు, అలసట మాత్రమే ఉంది. “చప్పుడైతే అయింది. నేను విన్నాను, ఆవిడ విన్నది. అది కల కాదుగా.”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

చిన్ని బల్ల దగ్గరికి వెళ్ళింది. పాత దుప్పటి మీద నాలుగు పిస్టన్లు వరసగా ఉన్నాయి. ఇంజన్ నడిచింది నాలుగైదు గంటలే కాబట్టి వాటి తలల మీద పల్చటి గోధుమరంగు మసి, పాలమీగడలా, సమంగా పరుచుకుని ఉంది. మూడోదాన్ని చేతిలోకి తీసుకుని పైకప్పు సందులోంచి పడుతున్న ఎండకు వంచింది. అంచు దగ్గర చిటికెనవేలి గోరంత మేర మసి లేదు. అక్కడ లోహం కొత్త స్టీలు గిన్నెలా మెరుస్తోంది.

ఈ మెరుపేంటని అడిగింది. విప్పేటప్పుడు పానా తగిలి ఉంటుంది, నేనూ చూశానులే అన్నాడు బావ. ఆమె తృప్తిపడలేదు. సిలిండర్లకు పైన మూతగా బిగించే హెడ్డు గోడకు ఆనించి ఉంది. దాని దగ్గరకు పోయి మోకాళ్ళ మీద కూర్చుంది. పిస్టన్ను తలకిందులుగా కాకుండా, లోపల ఎలా ఉంటుందో అలాగే ఊహించుకుంటూ మూడో గుంట అంచు వెంట వేలు పోనిచ్చింది. సరిగ్గా అనుకున్న చోటే, అంతే సైజులో, అదే వంపులో ఇంకో మెరుపు.

పైపన్నుకూ కిందిపన్నుకూ ఒకేచోట రంగు అంటితే దాని అర్థమేమిటో ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. రోజూ చేసే పనే అది.

“బావా, ఇది పానా గీత కాదు. పిస్టన్ పైకొచ్చి హెడ్డును కొట్టింది.”

బావ తల అడ్డంగా ఊపాడు. పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక కూడా హెడ్డుకూ దానికీ మధ్య మిల్లీమీటరుకు కాస్త తక్కువ ఖాళీ ఉంటుందనీ, అది చాలినంత ఖాళీ అనీ, బంకమట్టి ముద్ద పెట్టి, హెడ్డు బిగించి, ఇంజన్ను చేత్తో తిప్పి, అణిగిన ముద్దను కోసి మరీ కొలిచాననీ ఓపిగ్గా చెప్పాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

“చేత్తో తిప్పావా?”

“మరి కాలితో తిప్పుతారా చిన్నీ.”

“అది కాదు. మా దగ్గర పళ్ళసెట్టు పెట్టి నీలంకాగితం కొరికిస్తాం. మెల్లిగా కొరికితే అంతా సమంగానే ఉంటుంది. ఎక్కడా ఎత్తు తేలదు. పెద్దావిడ నవ్వుకుంటూ ఇంటికి పోతుంది. మర్నాడు చిగుళ్ళు కోసుకుపోయి వస్తుంది. ఎందుకంటే నమిలేటప్పుడు దవడ వేరే రకంగా కదులుతుంది. బలం పడితే సెట్టు వంగుతుంది, జరుగుతుంది. కొరికి చూసిన కొలతకూ నమిలినప్పటి కొలతకూ సంబంధం ఉండదు.”

బావ ఏదో అనబోయాడు. మాస్టారు చెయ్యెత్తి ఆపాడు. కళ్ళజోడు పెట్టుకుని, చిన్ని దగ్గరికొచ్చి, మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన మోకాలి మీద చెయ్యి ఆనించుకుంటూ నేల మీద, ఆమె పక్కనే కూర్చున్నాడు. హెడ్డు మీది మెరుపును బొటనవేలితో తడిమాడు.

“యాభై ఏళ్ళయింది నేనీ పనిలోకొచ్చి. ఎంతమందికో నేర్పాను, ఇంత తేలిగ్గా చెప్పలేకపోయాను.”

ఆ తరువాత ఆయన చెప్పింది వింటూ చిన్ని కాళ్ళు తిమ్మిరెక్కినా లేవలేదు. ఏడు వేల దగ్గర ఒక్కో పిస్టన్ సెకనుకు వందసార్లకు పైగా పైకొస్తుంది. వచ్చిన ప్రతిసారీ పైన ఆగాలి, వెనక్కి తిరగాలి. త్రాసులో పెడితే అరకిలో కూడా తూగని వస్తువు, ఆ తిరిగే క్షణంలో నిండు కారంత బరువై పైకి లాగుతుంది. అంటే సెకనుకు అన్నిసార్లు ఒక కారును, పిస్టన్ను క్రాంకుకు కలిపే రాడ్డుకు వేలాడదీసి, తీసి, మళ్ళీ వేలాడదీసినట్టు. ఆ లాగుడుకు ఉక్కు రాడ్డు సాగుతుంది. సాగి మళ్ళీ తన పొడవుకు వచ్చేస్తుంది. మనం కంటితో ఎప్పుడూ చూడం. కానీ లోపల ప్రతి ఇంజన్లోనూ, రోడ్డు మీద పోయే ప్రతి బండిలోనూ అది జరుగుతూనే ఉంటుంది.

చిన్ని బల్ల మీది రాడ్డును చూసింది. బొటనవేలంత లావు. ఒక్క పొద్దుటిపూటలోనే ఉక్కు గురించి తనకు తెలిసిందంతా తలకిందులైంది. గుప్పిట్లో ఉబ్బుతుంది. పరుగులో సాగుతుంది. ఎప్పుడూ వింటున్న చప్పుడు వెనక ఇంత ప్రాణముందా అనిపించింది.

“ఎంత సాగుతుంది మాస్టారూ?” అని అడిగాడు బావ. అడిగింది తనకు తెలియక కాదు, ఆయన నోట వినాలని.

“వెంట్రుక మందం. మహా అయితే రెండు. నువ్వు వదిలింది పది వెంట్రుకల ఖాళీ. అది తప్పు కాదు. కానీ అక్కడ పదీ పోయాయి. రెండు రాడ్డు తినేసింది. మిగతా ఎనిమిది ఎవరు తిన్నారు?”

ఇద్దరి చూపులూ ఒకేసారి ఒకే చోటికి పోయాయి. రాడ్డు అడుగున క్రాంకును పట్టుకుని ఉండే మూత, దాన్ని బిగించే రెండు బోల్టులు. ఆ కారంత బరువునూ మోసేది ఆ రెండే.

కొత్త బోల్టుల పొట్లంలో రెండు మిగిలాయి. మాస్టారు ముందు వాటిని కొలిచాడు. తరువాత ఇంజన్లోంచి తీసిన ఎనిమిదింటినీ కొలిచాడు. ఎనిమిదీ కొత్తవాటికన్నా పొడవున్నాయి. ఆరింటిలో తేడా గేజికే తెలుస్తుంది. మూడో పిస్టన్‌వి రెండూ మాత్రం కొత్తదాని పక్కన నిలబెడితే కంటికే తెలిసిపోతున్నాయి. ఒకదాన్ని చిన్ని చేతికిచ్చి నడుం దగ్గర గోరు పోనిమ్మన్నాడు. గోరు ఒకచోట లోపలికి దిగింది. లాగిన మైనపుకడ్డీ తెగే ముందు ఎలా సన్నబడుతుందో అలా, ఉక్కు అక్కడ సన్నబడి ఉంది.

“తెగడానికి ఇంకెంత ఉంది?” అని అడిగింది.

“రెండు మూడు క్షణాలు. తెగితే రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికొస్తుంది. నూనె టైర్ల మీద పడుతుంది. ఆ వేగంలో ఇక కారు మన మాట వినదు.” ఆగాడు. “మీ అక్క కాలు ఎప్పుడు తీసింది?”

“చప్పుడు వినపడగానే” అంది చిన్ని.

ఆయన తల పంకించి, ఆ బోల్టును ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

బావ ఖాళీ డబ్బా బోర్లించుకుని కూలబడ్డాడు. బోల్టులు నాసిరకంవేమో అన్నాడు, తనకే నమ్మకం లేని గొంతుతో. నాసిరకమైతే ఒకటి సాగుతుంది, రెండు సాగుతాయి, ఎనిమిదీ సాగాయంటే తప్పు బిగింపులో ఉందన్నాడు మాస్టారు. దేంతో బిగించావని అడిగాడు.

బావ లేచి టార్క్ రెంచి తెచ్చాడు. ఎంత బలానికి బిగించాలో పిడి మీద అంకె పెడితే, అంత బలం పడగానే టక్కుమని చెప్పే రెంచి అది. బావ దాన్ని నమ్మినంతగా మనుషుల్ని కూడా నమ్మడు. ప్రతి బోల్టు దగ్గరా ఆ టక్కు విన్నానని ఒట్టుపెట్టినట్టు చెప్పాడు.

మాస్టారు రెంచి మొనను బల్లకున్న వైస్ దవడల మధ్య బిగించి, పిడిని గాల్లోకి అడ్డంగా నిలబెట్టాడు. మొన నుంచి సరిగ్గా అరమీటరు కొలిచి, అక్కడ తీగతో బకెట్ వేలాడదీశాడు. బావ బోల్టులకు పెట్టిన అంకెనే పిడి మీద పెట్టించాడు. రెంచి బరువూ, ఖాళీ బకెట్ బరువూ లెక్కలో వేసుకుని, పదకొండు లీటర్ల నీళ్ళకు ఇది టక్కుమనాలి అన్నాడు. ఇంజన్ ఆయిల్ పోసే లీటరు కొలజగ్గు చిన్ని చేతికిచ్చాడు.

ఆమె పోసింది. ఒకటి. రెండు. బకెట్ మెల్లగా ఊగుతూ నిండుతోంది. తొమ్మిది, పది. బావ చెవి రెంచి పక్కనే పెట్టి వంగి ఉన్నాడు. పదకొండో లీటరు ఆఖరి చుక్క కూడా పడింది.

రెంచి పలకలేదు.

పన్నెండు. పదమూడు. చిన్ని జగ్గు పట్టుకుని ఆయన వైపు చూసింది. మాస్టారు కానిమ్మన్నట్టు తలూపాడు. పద్నాలుగోది పోస్తుండగా, షెడ్డంతా వినపడేలా టక్కుమంది.

దాదాపు పావువంతు ఎక్కువ. ప్రతి బోల్టునూ, అది ఓర్చుకోగలిగిన గీత దాటించి, ఒక్కో టక్కు కోసం కాచుకుని, శ్రద్ధగా, ప్రేమగా, బావ తన చేతులతోనే లాగి పెట్టాడు.

రెంచిని వైస్‌లోంచి ఊడదీసి ఒళ్ళో పెట్టుకున్నాడు బావ. రెండు నెలల కిందట చెయ్యి జారి సిమెంటు నేల మీద పడిందనీ, తుడిచి పెట్టెలో పెట్టేశాననీ, సరిచూపించాలన్న ఆలోచనే రాలేదనీ నెమ్మదిగా చెప్పాడు. తరువాత తలెత్తకుండా అన్నాడు:

“మిమ్మల్ని అన్న మాట నలుగురిలో అన్నాను మాస్టారూ. నలుగురిలోనే వెనక్కి తీసుకుంటాను.”

మాస్టారు ఆ మాట విన్నాడో లేదో. ఆయన చూపు గోడ మీది అంకెల్లోనూ లేదు, బావ మీదా లేదు. బోర్లించిన డబ్బా పక్కన పడి ఉన్న బోల్టుల పొట్లం మీద ఉంది.

“అది తరువాత. ముందు చెప్పు. ఈ రెండు నెలల్లో ఈ రెంచితో ఇంకే ఇంజన్ బిగించావు?”

బావ మొహంలో రక్తం దిగిపోవడం చిన్ని చూసింది. ఎర్రకారు తరువాత ఇంకొక్కటే కట్టాడు. బట్టలకొట్టు యజమాని తెల్లకారు. ఇదే రకం ఇంజన్, ఇవే బోల్టులు. పోయిన వారమే అప్పజెప్పాడు. ఇప్పటిదాకా ఆయన దాన్ని నెమ్మదిగానే నడిపాడు. ఇవాళ ప్రాక్టీసు ట్రాక్ మీద మొదటిసారి పూర్తి వేగం చూస్తానన్నాడు.

“ఆయనకు అంత వేగం చేతకాదు కదా బావా” అంది చిన్ని. అంటూనే ఆమెకు అర్థమైపోయింది.

ఆయన నడపడు. నడిపి పెట్టమని అక్కను అడిగాడు. అక్క పొద్దున్నే వెళ్ళింది అందుకే.

బావ అక్క ఫోనుకు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. హెల్మెట్ పెట్టుకుంటే ఆమె ఫోన్ సంచిలో పడేస్తుందని ముగ్గురికీ తెలుసు. చిన్ని బావ ఫోన్ లాక్కుని బట్టలకొట్టు యజమానికి చేసి, స్పీకర్ నొక్కి, ఫోన్ను బల్ల మీద పిస్టన్ల మధ్య పెట్టింది.

ఆయన రెండో మోతకే ఎత్తాడు. వెనక గాలి హోరు. ఎవరు ఏమిటని అడగలేదు, ఆనందం పట్టలేకుండా ఉన్నాడు.

“సరిగ్గా టైముకు చేశారండీ. ఆవిడ ఇప్పుడే మలుపు తిరిగింది, ఇక తిన్నటి దారే. మీరు కట్టిన ఇంజన్ ఎలా పాడుతుందో మీరే వినండి.”

“ఆపమనండి” అన్నాడు బావ. “జెండా చూపించండి, ఆపమనండి ఆవిణ్ణి.”

కానీ ఆయన అప్పటికే ఫోన్ను చెవి దగ్గర్నుంచి తీసి, చెయ్యి చాచి, ట్రాక్ వైపు పట్టుకున్నాడు. బావ కేకలు అక్కడెక్కడో గాలిలో, ఎవరి చెవినా పడకుండా పోతున్నాయి. బల్ల మీది ఆ చిన్న ఫోన్లోంచి ఇంజన్ చప్పుడు సన్నగా మొదలై, లావై, దగ్గరై, షెడ్డు రేకులను తాకేంతగా పైకి లేచింది. మాస్టారు కళ్ళు మూసుకుని చెవి దానికి ఆనించాడు.

“ఐదు వేలు” అన్నాడు మెల్లగా. “ఆరు.”

చిన్ని ఆయన చెయ్యి పట్టుకుంది. గేజి పట్టినప్పుడు రాయిలా నిలిచిన ఆ చెయ్యి వణుకుతోంది.

“ఆరున్నర.”

చప్పుడు ఇంకా పైకే పోతోంది.